'రేపు రండి' అనగలిగిన ప్రధాని: యానెజ్ దర్నోవ్‌షెక్

అందరికీ నమస్కారం.

ముందు పేరు సంగతి తేల్చేద్దాం. ఈ పేరుకి నా నోరు తిరగడానికి వారం పట్టింది. వాళ్ళ రాతలో డి, ఆర్, ఎన్ మూడక్షరాలూ వరసగా వస్తాయి, మధ్యలో అచ్చు ఉండదు. స్లొవేనియా వాళ్ళకి 'ర'కారమే అచ్చు పని కూడా చేసిపెడుతుంది. మన 'ఋ' లాంటిదనుకోండి. నేను దర్నోవ్‌షెక్ అని పలుకుతున్నాను. మొదటి పేరు యానెజ్. జానెజ్ అనకూడదు. మొన్న మా మనవడు విని "తాతా, దగ్గు మందు పేరులా ఉంది" అన్నాడు. (నవ్వులు)

ఇక నేనెవరు ఈ మాటలు చెప్పడానికి అంటే, నేను చరిత్ర లెక్చరర్ని కాను. ముప్పై రెండేళ్ళు బ్యాంకులో పనిచేశాను. అందులో పదకొండేళ్ళు బొగ్గు బాయిలున్న ఊళ్ళలోనే గడిచాయి. జీతాల రోజున షిఫ్ట్ దిగి, మొహం మీద మసి పూర్తిగా కడుక్కోకుండానే కౌంటర్ ముందు నిలబడేవాళ్ళని చూసినవాణ్ణి. ఐరోపాలో ఒక దేశానికి పదేళ్ళు ప్రధానిగా చేసినాయన బొగ్గు ఊళ్ళోనే పెరిగి, బొగ్గు ఊళ్ళోనే బ్యాంకు బ్రాంచి నడిపాడని చదివినప్పుడు ఆగలేకపోయాను. గత రెండేళ్ళుగా ఆయన వెంటే తిరుగుతున్నాను, పుస్తకాల్లోనే లెండి.

స్లొవేనియా ఎంత ఉంటుందంటే, మన పాత అనంతపురం జిల్లా కంటే కాస్త పెద్దది. జనం అందులో సగం, సుమారు 20 లక్షలు. పైన ఆల్ప్స్ కొండలు, పక్కన ఇటలీ, ఆస్ట్రియా. 1991 దాకా యుగోస్లావియాలో ఒక రిపబ్లిక్.

దర్నోవ్‌షెక్ 1950 మే 17న త్సెల్యే పట్నంలో పుట్టాడు. పెరిగింది కిసోవెత్స్ అనే చిన్న గని ఊళ్ళో. సావా నది పక్కన ఇరుకు లోయ. జాగొర్యె, తర్‌బోవ్‌లె, హ్రాస్త్నిక్ అని మూడు బొగ్గు పట్నాలు వరసగా ఉంటాయి. తర్‌బోవ్‌లెలో థర్మల్ కేంద్రం పొగ గొట్టం 360 మీటర్లు, ఐరోపా మొత్తంలో అదే ఎత్తైనది. లోయ అంత ఇరుకన్నమాట, పొగ కొండ దాటాలంటే గొట్టం అంత పొడుగు కావాల్సి వచ్చింది. ఆ పొగ పీల్చిన ఊళ్ళ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

1958 జనవరిలో ఆ లోయలో సమ్మె జరిగింది. కమ్యూనిస్టు యుగోస్లావియాలో అదే మొదటి పెద్ద సమ్మె. కార్మికుల రాజ్యంలో కార్మికులు ఎవరి మీద సమ్మె చేస్తారు? ఆ ప్రశ్నకి పార్టీ దగ్గర జవాబు లేకపోయింది. అప్పటికి మనవాడికి ఏడేళ్ళు. వాళ్ళ నాన్న గనిలో అధికారి. సమ్మె రోజుల్లో అధికారి ఇంట్లో పిల్లవాడు ఏం చూస్తాడో, ఏం వింటాడో ఇక్కడ సింగరేణి క్వార్టర్లలో పెరిగినవాళ్ళకి తెలుసు. తలుపులు వేసి ఉంటాయి. నాన్న తక్కువ మాట్లాడతాడు. ఆయన పెద్దయ్యాక కూడా తక్కువే మాట్లాడాడు. ఈ రెంటికీ సంబంధం ఉందని నేను రుజువు చేయలేను, నాకు మాత్రం అలా తోస్తుంది.

స్లొవేనియా రాజధాని ల్యుబ్ల్యానాలో ఎకనామిక్స్ చదివి 1973లో డిగ్రీ పుచ్చుకున్నాడు. జాగొర్యెలో ఒక నిర్మాణ సంస్థలో లెక్కలు చూశాడు. కొన్నాళ్ళు కైరోలో యుగోస్లావియా రాయబార కార్యాలయంలో ఆర్థిక సలహాదారుగా చేశాడు. 1982లో తర్‌బోవ్‌లెలో ల్యుబ్ల్యాన్‌స్కా బ్యాంకా బ్రాంచికి అధిపతి అయ్యాడు. 1986లో మారిబోర్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్. విషయం ఏమిటంటే ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి), యుగోస్లావియా. అంటే అప్పు. మనిషి జీవితంలో ఇప్పటిదాకా రాజకీయం పెద్దగా లేదు. అప్పులు, వడ్డీలు, బొగ్గు, అంతే.

బ్రాంచి మేనేజర్ అంటే ఏమిటో ఒక్క నిమిషం చెప్పనివ్వండి, తర్వాత పనికొస్తుంది. మా దగ్గరికి కాంట్రాక్టర్ వస్తాడు, కాగితాలు సరిగ్గా ఉండవు, లోన్ మాత్రం ఇవాళే కావాలంటాడు. కాదంటే పెద్దవాళ్ళతో ఫోన్ చేయిస్తాడు, అవునంటే మన మెడకి చుట్టుకుంటుంది. అందుకని మంచి మేనేజర్ అవుననడు, కాదనడు. టీ ఇప్పించి, "చూద్దాం, రేపు రండి" అంటాడు. ఆ రేపు లోపల సగం సమస్యలు వాటంతటవే పోతాయి. ఇది పిరికితనం కాదు, ఒక విద్య. దర్నోవ్‌షెక్ పదేళ్ళ ప్రధాని పదవి మొత్తం నాకు ఆ విద్యలాగే కనిపిస్తుంది. ఆ విద్యకో చెడ్డ ముఖం కూడా ఉంది, దాని దగ్గరికీ వస్తాను.

1989. యుగోస్లావియాకి అధ్యక్షుడు ఒక్కడు కాదు. ఆరు రిపబ్లిక్కులు, రెండు స్వయంపాలిత ప్రాంతాలు, మొత్తం ఎనిమిది మంది మండలి. ఏడాదికొకరు వంతులవారీగా అధ్యక్షుడు. స్లొవేనియా సభ్యుడి గడువు తీరింది, ఆ మే నుంచి ఏడాది పాటు అధ్యక్ష వంతు కూడా స్లొవేనియాదే. మామూలుగా అయితే పార్టీ ఒక పేరు చెబుతుంది, అందరూ చేతులెత్తుతారు. ఆ ఏడాది స్లొవేనియాలో గాలి మారింది, ప్రజలే నేరుగా ఓటేసి ఎన్నుకోనీ అన్నారు. పార్టీ పెద్దలు మెచ్చిన అభ్యర్థి మార్కో బుల్త్స్, వాణిజ్య మండలి అధ్యక్షుడు. ఎదురుగా ఎవరికీ పెద్దగా తెలియని బ్యాంకు మనిషి. ఏప్రిల్లో జనం ఆ తెలియని మనిషికే ఓటేశారు. తెలియకపోవడమే ఆయన బలమైంది, తెలిసినవాళ్ళతో విసిగిపోయి ఉన్నారు మరి.

మే 15న రాజధాని బెల్‌గ్రేడ్‌లో యుగోస్లావియా దేశాధినేతగా ప్రమాణం చేశాడు. అప్పటికి 38 ఏళ్ళు. 39 నిండడానికి ఇంకా రెండు రోజులుంది. నిన్నటిదాకా ఎవరికీ తెలియని మనిషి ఇవాళ ఒక పెద్ద సైన్యానికి సర్వసేనాని.

ఆరు వారాలు తిరిగాయో లేదో, జూన్ 28న, సెర్బియాలోని స్వయంపాలిత ప్రాంతం కొసొవోలో గాజిమెస్తాన్ మైదానం. ఆరు వందల ఏళ్ళ నాటి యుద్ధాన్ని తలుచుకుంటూ లక్షల మంది సెర్బులు. వేదిక మీద సెర్బియా నాయకుడు మిలోషెవిచ్. ఇప్పుడు ఆయుధాలతో పోరాటాలు జరగడం లేదు గానీ అలాంటివి ఇకపై రావని చెప్పలేం అన్న అర్థంలో ఆయన మాట్లాడింది అక్కడే. ఆ సభలో దేశాధినేత హోదాలో కూర్చున్నది దర్నోవ్‌షెక్. హోదా ఈయనది, సభ ఆయనది. ఆ రోజు ఫొటోలు చూస్తే జాలేస్తుంది. పెళ్ళిలో తెలియనివాళ్ళ పంక్తిలో కూర్చున్న చుట్టంలా ఉంటాడు.

సెప్టెంబరు 4 నుంచి 7 వరకు బెల్‌గ్రేడ్‌లో అలీన దేశాల తొమ్మిదో శిఖరాగ్ర సభ. మన రాజీవ్ గాంధీ వెళ్ళాడు, భూగ్రహ రక్షణ నిధి పెట్టాలని ప్రతిపాదించింది అక్కడే. అప్పుడు మన విదేశాంగ మంత్రి పీవీ నరసింహారావు. ఆ సభతో అలీనోద్యమ అధ్యక్షత యుగోస్లావియాకి వచ్చింది, అంటే దర్నోవ్‌షెక్‌కి. ఆ బాధ్యత ఎత్తుకున్న మూడు వారాలకే, సెప్టెంబరు 27న, సొంత రిపబ్లిక్ రాజధాని ల్యుబ్ల్యానాలో శాసనసభ రాజ్యాంగాన్ని సవరించి, విడిపోయే హక్కు మాకుందని రాసుకుంది. బెల్‌గ్రేడ్‌లో సైన్యాధికారులు మండిపడ్డారు. అధినేత ఎవరు? స్లొవేనియా మనిషే. రెండు పడవల మీద కాళ్ళు అంటామే, ఇక్కడ పడవలు రెండూ రెండు దిక్కులకి పోతున్నాయి. డిసెంబరులో సెర్బియా స్లొవేనియా సరుకుని బహిష్కరించింది. ఒకే దేశంలో ఒక రాష్ట్రం మరో రాష్ట్రం సబ్బుల్ని, ఫ్రిజ్‌లని కొనేది లేదంటే ఎలా ఉంటుందో ఊహించండి. ధరలైతే చెప్పక్కర్లేదు, నోట్ల మీద సున్నాలు పట్టడం లేదు. 1990 జనవరి 1న పదివేల పాత దినార్లకి ఒక కొత్త దినార్ ఇచ్చారు.

ఆ ఏడాదంతా ఆయన ఏం సాధించాడని అడిగితే, పెద్దగా ఏమీ సాధించలేదు. తన హయాంలో యుద్ధం రాకుండా చూసుకున్నాడు. పదవి చివర్లో కొసొవోలో అత్యవసర పరిస్థితి ఎత్తేశారు. 1990 మే 15న కుర్చీ సెర్బియాకి చెందిన యోవిచ్‌కి అప్పజెప్పాడు. ఆ తర్వాత ఏమైందో ప్రపంచమంతా చూసింది.

1990 డిసెంబరు 23న స్లొవేనియాలో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. మొత్తం ఓటర్లలో 88 శాతం పైగా విడిపోదామన్నారు. 1991 జూన్ 25న స్వాతంత్ర్య ప్రకటన. ఒక ముచ్చట చెబుతాను. అంతకి నాలుగు రోజుల ముందే, జూన్ 21న, ఢిల్లీలో పీవీ ప్రధానిగా ప్రమాణం చేశారు. స్లొవేనియాని మనదేశం గుర్తించింది 1992 మేలో, పీవీ ప్రభుత్వమే. సరిగ్గా అదే నెలలో దర్నోవ్‌షెక్ అక్కడ ప్రధాని అయ్యాడు.

మధ్యలో పది రోజుల యుద్ధం. యుగోస్లావ్ సైన్యం సరిహద్దు పోస్టుల మీదికి ట్యాంకులు పంపింది, వీళ్ళు అడ్డుకున్నారు. ప్రాణనష్టం వందలోపే. తర్వాత బోస్నియాలో జరిగిన యుద్ధంతో పోలిస్తే ఏమీ కాదు, పోయినవాళ్ళ ఇళ్ళకి మాత్రం అంతా పోయినట్టే. జులై 7న బ్రియోని దీవుల్లో చర్చలు. యూరప్ తరఫున ముగ్గురు విదేశాంగ మంత్రులు వచ్చారు. స్లొవేనియా బృందంలో అధ్యక్షుడు కుచాన్, ప్రధాని పేటెర్లె, విదేశాంగ మంత్రి రూపెల్, వాళ్ళతో దర్నోవ్‌షెక్. బ్రియోని అంటే మన పెద్దవాళ్ళకి గుర్తుండాలి. 1956 జులైలో నెహ్రూ, టిటో, నాసర్ కలిసి కూర్చున్న దీవులు అవే. దేశాలన్నిటినీ కలుపుదామని అనుకున్న చోటే ఒక దేశాన్ని విడదీసే ఒప్పందం కుదిరింది. స్వాతంత్ర్యాన్ని మూడు నెలలు వాయిదా వేయాలి, కాల్పులు ఆపాలి, ఇదీ ఒప్పందం. ఇంటికొస్తే జనం తిట్టారు, గెలిచిన యుద్ధంలో వాయిదా ఏమిటని. దర్నోవ్‌షెక్‌కి బెల్‌గ్రేడ్ లోపలి మనుషులు తెలుసు. ఎవరికి స్లొవేనియా కావాలి, ఎవరికి అక్కర్లేదు అన్నది తెలుసు. జులై 18న యుగోస్లావియా అధ్యక్ష మండలే తన సైన్యాన్ని స్లొవేనియా నుంచి వెనక్కి పిలిపించింది. అక్టోబరు చివర్లో కోపెర్ రేవు నుంచి ఆఖరి సైనికులు ఓడెక్కారు. మూడు నెలల వాయిదా కూడా ఒక "రేపు రండి"యే కదా.

1992 ఏప్రిల్లో పేటెర్లె ప్రభుత్వం మీద అవిశ్వాసం నెగ్గింది. వాళ్ళ రాజ్యాంగంలో ఒక మంచి నియమం ఉంది. ఉన్న ప్రధానిని దించాలంటే కొత్త ప్రధాని పేరు అదే తీర్మానంలో ఉండాలి. ఆ పేరు దర్నోవ్‌షెక్. మే 14న కొత్త మంత్రివర్గం వచ్చింది.

అప్పటికి పరిస్థితి ఎలా ఉందంటే, దేశానికి ఏడాది నిండలేదు. సొంత నోటు, తోలార్, వచ్చి ఏడు నెలలు. ఖజానాలో విదేశీ మారకం దాదాపు సున్నాతో మొదలుపెట్టారు. యుగోస్లావియా మార్కెట్ యుద్ధంలో మునిగిపోయింది. ఆ ఏడాది ధరల పెరుగుదల 200 శాతం ప్రాంతంలో ఉంది. ఆ రోజుల్లో తూర్పు ఐరోపా అంతటా ఒకే మందు అమ్ముడుపోతోంది. అన్నీ ఒక్కసారే తెరిచెయ్యండి, కంపెనీలన్నీ అమ్మెయ్యండి, ఆరు నెలలు నొప్పి భరించండి అని. హార్వర్డ్ నుంచి జెఫ్రీ శాక్స్ ఇక్కడికీ వచ్చి అదే చెప్పి వెళ్ళాడు. పాత ప్రభుత్వంలో ఆర్థిక విషయాలు చూసిన మెన్‌త్సింగెర్ అనే ప్రొఫెసర్ దాన్ని ఒప్పుకోక రాజీనామా ఇచ్చేశాడు. దర్నోవ్‌షెక్ ప్రొఫెసర్ దారే పట్టాడు. కంపెనీల వాటాల్ని పౌరులందరికీ సర్టిఫికెట్ల రూపంలో పంచారు, ఉద్యోగులూ మేనేజర్లూ కొనుక్కున్నారు, బ్యాంకులు చాలావరకు ప్రభుత్వం చేతిలోనే ఉండిపోయాయి. మూడేళ్ళలో ద్రవ్యోల్బణం 10 శాతం దరిదాపులకి దిగింది. ఇందులో సగం ఘనత సెంట్రల్ బ్యాంకు గవర్నర్ అర్హార్‌ది. డబ్బు అచ్చు వెయ్యమంటే వెయ్యనన్నాడాయన. మంచి గవర్నర్లకి విగ్రహాలుండవు గనక ఆ పేరు ఇక్కడైనా చెబుదామని చెప్పాను.

మన దగ్గర పీవీ అన్నట్టుగా ఒక మాట చెప్పుకుంటారు, నిర్ణయం తీసుకోకపోవడం కూడా నిర్ణయమేనని. ఇద్దరికీ పోలికలున్నాయి. ఇద్దరూ బహుభాషలు వచ్చినవాళ్ళు, మాట తక్కువవాళ్ళు, సొంత మెజారిటీ లేకుండా మొదలుపెట్టినవాళ్ళు. ఇద్దరినీ జనం గౌరవించారు గానీ ప్రేమించారా అంటే చెప్పలేను. పోలిక ఇంతటితో ఆపుతాను, లాగితే తెగుతుంది.

ఇక సంకీర్ణాల సంగతి. మంచి వినోదం. 1992 డిసెంబరు ఎన్నికల్లో 90 సీట్లున్న సభలో ఆయన పార్టీకి, లిబరల్ డెమోక్రాట్లకి, వచ్చినవి 22. ఆయనేం చేశాడో చూడండి. మొన్న తాను దించిన పేటెర్లెని పిలిచి విదేశాంగ మంత్రిని చేశాడు. పాత కమ్యూనిస్టుల పార్టీనీ తీసుకున్నాడు. ఆ కమ్యూనిస్టుల కాలంలోనే జైలుకెళ్ళొచ్చిన యాన్షాని రక్షణ మంత్రిగా ఉంచాడు. పాము, ముంగిస, వాటితో పాటు కోడి కూడా ఒకే గంప కింద. 1994 మార్చిలో సైనికులు ఒక పౌరుణ్ణి కొట్టిన వ్యవహారం బయటికొచ్చాక యాన్షాని తీసేశాడు. యాన్షా ఆ రోజుని మర్చిపోలేదు, పదేళ్ళ తర్వాత తానే ప్రధాని అయ్యాడు. 94లోనే పేటెర్లె కూడా వెళ్ళిపోయాడు, 96 మొదట్లో పాత కమ్యూనిస్టులు వెళ్ళిపోయారు. గంప మాత్రం బోర్లా పడలేదు.

1996 నవంబరు ఎన్నికలు ఇంకా చిత్రం. ఈ పక్క 45, ఆ పక్క 45. అక్షరాలా సగం సగం. రెండు నెలలు ఎవరూ కదల్లేదు. మన దగ్గరైతే ఈపాటికి బస్సులు, రిసార్టులు సిద్ధం. (నవ్వులు) అక్కడ చివరికి క్రైస్తవ డెమోక్రాట్ ఎంపీ ఒకాయన పార్టీ వదిలి ఈ పక్కకి వచ్చాడు. 1997 జనవరి 9న ఓటింగ్, 46 ఓట్లు. ఒక్క ఓటు మీద ప్రధాని. ఆ ఎంపీని ఆయన పాత పార్టీవాళ్ళు ఏమన్నారో మీరే ఊహించుకోండి, ఫిరాయింపుకి ఏ భాషలోనూ మంచి పదం లేదు. ఆ ఒక్క ఓటుతో ఎన్నాళ్ళు నడుపుతాడని అందరూ నవ్వారు. రెండు నెలలు తిరక్కుండానే ఎదుటి మూడు పార్టీల్లో ఒకదాన్ని, రైతుల పార్టీని, లోపలికి తెచ్చుకున్నాడు. మూడేళ్ళు గడిపాడు.

ఇప్పుడు చెడ్డ ముఖం. ఇది చెప్పకపోతే ఇక్కడికి రావడం దండగ.

ల్యుబ్ల్యాన్‌స్కా బ్యాంకా, ఆయన ఒకప్పుడు పనిచేసిన బ్యాంకే, దానికి జాగ్రెబ్‌లో, సారాయెవోలో బ్రాంచీలుండేవి. యుగోస్లావియా రోజుల్లో జర్మనీలో కూలి చేసుకుని వచ్చిన క్రొయేషియా, బోస్నియా జనం తమ మార్కుల్ని ఆ బ్రాంచీల్లో దాచుకున్నారు. మన గల్ఫ్ డబ్బులాంటిది. దేశం విడిపోయింది. డిపాజిట్ ఎవరు కట్టాలి? 1994 జులైలో స్లొవేనియా పార్లమెంటు ఒక చట్టం చేసింది. పాత బ్యాంకు ఆస్తుల్లో ఎక్కువ భాగం నోవా ల్యుబ్ల్యాన్‌స్కా అనే కొత్త బ్యాంకుకి వెళ్ళింది. బయటి రిపబ్లిక్కుల డిపాజిట్ల బాకీ పాత బ్యాంకు దగ్గర మిగిలింది. కొత్త బ్యాంకు బోర్డు మెరిసింది, పాస్‌బుక్ పట్టుకొచ్చినవాడికి "మీది పక్క తలుపు" అన్నారు. పక్క తలుపు తీస్తే లోపల ఏమీ లేదు. ప్రభుత్వం వాదన ఏమిటంటే, ఇది అన్ని వారసదేశాలూ కలిసి తేల్చుకోవాల్సిన విషయం, చర్చలయ్యాక చూద్దామని. చర్చలు సాగాయి. 2014 జులై 16న స్ట్రాస్‌బోర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం ఆ డబ్బు స్లొవేనియా చెల్లించాల్సిందే అని తీర్పిచ్చింది. చట్టం నుంచి తీర్పుకి ఇరవై ఏళ్ళు.

నేనిది చదివినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. కారణం చెబుతాను. నేను ఒక బ్రాంచిలో ఉండగా, బాయిలో చేసి రిటైరైన ఒక పెద్దాయన చనిపోయిన తమ్ముడి డిపాజిట్ కోసం వచ్చేవాడు. వారసత్వపు కాగితంలో ఒక పేరు తేడా. రేపు రండి అన్నాను. పై ఆఫీసుకి రాశాను, మళ్ళీ రేపు రండి అన్నాను. ఏడాదిన్నర తిరిగాడు. ప్లాస్టిక్ కవర్లో పాస్‌బుక్, కవర్ మడిచి మడిచి తెల్లబడిపోయింది. తర్వాత రావడం మానేశాడు. ఏమయ్యాడో కనుక్కోలేదు నేను. నా వైపు నుంచి రూల్ ప్రకారం తప్పు లేదు. రేపు రండి అనే విద్య కుర్చీలో కూర్చున్నవాడికి అందంగానే ఉంటుంది, నిలబడ్డవాడికే ఉండదు.

ఇంకొకటి దీనికంటే ఘోరం. 1992 ఫిబ్రవరి 26న, దర్నోవ్‌షెక్ రాకముందే, పేటెర్లె ప్రభుత్వ కాలంలో, శాశ్వత నివాసుల జాబితా నుంచి 25,671 మందిని తీసేశారు. వాళ్ళు ఇతర రిపబ్లిక్కుల నుంచి వచ్చి అక్కడే ఏళ్ళుగా ఉంటున్నవాళ్ళు, గడువులోగా పౌరసత్వానికి దరఖాస్తు పెట్టనివాళ్ళు, పెట్టినా తిరస్కరించబడినవాళ్ళు. ఎవరికీ ముందుగా చెప్పలేదు. గుర్తింపు కార్డు మార్చుకోవడానికి వెళితే కత్తెరతో మూల కత్తిరించి, మీరు ఇక్కడివాళ్ళు కాదన్నారు. ఉద్యోగం పోయింది, పింఛను పోయింది, వైద్యం పోయింది. 'చెరిపేయబడినవాళ్ళు' అని వాళ్ళకి పేరే పడిపోయింది. మొదలుపెట్టింది ఆయన కాదు, నిజమే. పదేళ్ళు కుర్చీలో ఉండి సరిచేయనిది కూడా ఆయనే. 1999లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం తప్పుపట్టాక కూడా పని పూర్తి కాలేదు. ఆయన్ని అభిమానించే రచయితలు ఈ పేజీని వేగంగా తిప్పేస్తారు. నేనూ ఆయన్ని అభిమానిస్తాను, అందుకే తిప్పను.

(శ్రోతల్లో ఒకరు: "మరి ఆర్థికంగా ఆయన దారి మంచిదే అయిందా సార్?")

మంచి ప్రశ్న. రష్యాలోలాగా రాత్రికి రాత్రి ఫ్యాక్టరీలు నలుగురి చేతుల్లోకి పోలేదు. 2004లో యూరోపియన్ యూనియన్‌లో కొత్తగా చేరిన పది దేశాల్లో యూరో నోటుని అందరికంటే ముందు, 2007 జనవరి 1న, అందుకున్నది స్లొవేనియాయే. మరోవైపు ప్రభుత్వం చేతిలో ఉంచిన ఆ బ్యాంకులే తర్వాత తెలిసినవాళ్ళకీ, కావలసినవాళ్ళకీ అప్పులిచ్చి కూర్చున్నాయి. 2013 డిసెంబరులో వాటిలోకి ప్రభుత్వం 300 కోట్ల యూరోలకి పైగా పోయాల్సి వచ్చింది. అప్పటికి ఆయన లేడు. బ్యాంకు మనిషిగా నా అభిప్రాయం అడిగితే, నెమ్మదిగా అమ్మడం తప్పు కాదు. నెమ్మది పేరుతో ఎవరూ లెక్క చూడకపోవడం తప్పు.

2000 ఏప్రిల్లో రైతుల పార్టీ బయటికి పోయింది, విశ్వాస పరీక్షలో ఓడాడు. అర్జెంటీనాలో పెరిగి వచ్చిన బాయూక్ అనే ఆర్థికవేత్త ఆరు నెలలు ప్రధాని. అక్టోబరు ఎన్నికల్లో దర్నోవ్‌షెక్ పార్టీకి 34 సీట్లు, తిరిగి అదే కుర్చీ. 2001 జూన్‌లో బుష్, పుతిన్ మొదటిసారి కలుసుకున్నది ఆయన దేశంలోనే, బర్దో కోటలో. పుతిన్ కళ్ళలోకి చూసి మనసు తెలుసుకున్నానని బుష్ అన్న మాట అక్కడిదే. ఆతిథ్యం ఇచ్చినాయన ఏం చూశాడో ఎవరూ అడగలేదు.

అయితే అప్పటికే ఆయన ఒంట్లో వేరే కథ నడుస్తోంది. 1999లో మూత్రపిండానికి క్యాన్సర్, ఆపరేషన్ చేసి ఒకటి తీసేశారు. తర్వాత ఊపిరితిత్తులకీ కాలేయానికీ పాకింది. 2002 డిసెంబరులో అధ్యక్ష ఎన్నికల్లో బార్బరా బ్రెజిగర్ మీద గెలిచి, ప్రధాని కుర్చీ వదిలి అధ్యక్ష భవనానికి వెళ్ళాడు. నాటోలో, యూరోపియన్ యూనియన్‌లో దేశం చేరింది 2004లో, ఈయన అధ్యక్షుడిగా ఉండగా. బండి చాలావరకు లాగింది మాత్రం ప్రధానిగా ఉన్నప్పుడే.

ఆ తర్వాత మనిషే మారిపోయాడు. మాంసం మానేశాడు. ల్యుబ్ల్యానా వదిలి జాప్లానా అనే కొండ ఊళ్ళో ఇల్లు తీసుకున్నాడు. రొట్టె తనే చేసుకునేవాడు. సూటు విప్పనివాడు స్వెట్టర్లో కనిపించాడు. జీవితం, చైతన్యం అంటూ పుస్తకాలు రాశాడు, అవి బాగా అమ్ముడుపోయాయి. మామూలు వైద్యాన్ని పక్కనబెట్టాడని చెప్పుకున్నారు. దాన్ని నేనిక్కడ సలహాగా చెప్పడం లేదు, దయచేసి ఎవరూ ఇంటికెళ్ళి మాత్రలు మానొద్దు. (నవ్వులు) 2006 జనవరిలో సొంత పార్టీకి రాజీనామా ఇచ్చి, న్యాయం, అభివృద్ధి పేరుతో ఒక ఉద్యమం పెట్టాడు. పత్రికలు వెక్కిరించాయి. ప్రధాని యాన్షా ప్రభుత్వంతో నిధుల దగ్గర కూడా గొడవే.

నాకు ఆసక్తి రొట్టె మీద కాదు. పదేళ్ళు "చూద్దాం" అన్న మనిషి ఇప్పుడు ఏ విషయానికీ ఆగడం లేదు. సుడాన్‌లో దార్ఫుర్ మారణకాండ ఆపాలని 2006లో సొంతంగా దౌత్యం మొదలుపెట్టాడు. పంపిన దూత వీసా లేకుండా వెళ్ళి పట్టుబడితే, సుడాన్ అధ్యక్షుడికి రాసి విడిపించుకున్నాడు. ఫలితం అంతంతమాత్రం. విదేశాంగ శాఖ తల పట్టుకుంది. అదే ఏడాది అక్టోబరులో ఆంబ్రుస్ అనే ఊళ్ళో జనం గుమిగూడి ముప్పై మందికి పైగా ఉన్న ఒక రోమా కుటుంబాన్ని తరిమేశారు. పిల్లలతో సహా. రోమాలు ఎవరో కాదు, వెయ్యేళ్ళ కిందట మన ఉత్తరాది నుంచి కదిలి వెళ్ళినవాళ్ళు. ఇప్పటికీ యెఖ్, దుయ్, త్రిన్ అని లెక్కపెడతారు. ప్రభుత్వం ఊరివాళ్ళ మాట విని ఆ కుటుంబాన్ని వేరేచోటికి తరలిస్తే, అధ్యక్షుడు తరిమేయబడినవాళ్ళ పక్షాన మాట్లాడాడు. ఓట్ల లెక్కలో అది శుద్ధ నష్టం. ఆయనకి ఓట్లతో పని లేదప్పుడు. చెరిపేయబడినవాళ్ళు తిరిగినన్నాళ్ళూ ఈ మనిషి ఎక్కడున్నాడని నాకు అనిపిస్తుంది. ఉన్నాడు, ప్రధాని కార్యాలయంలో.

2005లో కొసొవో స్వతంత్రం కావాల్సిందేనని బహిరంగంగా అన్నాడు. అప్పటికి పెద్ద దేశాలు కూడా ఆ మాట పైకి అనడం లేదు. సెర్బియా కోపగించి, ఖరారైన ఆయన పర్యటనని రద్దు చేసింది. గాజిమెస్తాన్‌లో ఏమీ అనలేక కూర్చున్న మనిషికి ఆ మాట అనడానికి పదహారేళ్ళు పట్టింది.

రెండోసారి పోటీ చేయలేదు. 2007 డిసెంబరు 23న డానిలో త్యుర్క్‌కి బాధ్యతలు అప్పగించాడు. రెండు నెలలకి, 2008 ఫిబ్రవరి 23న, జాప్లానాలో ఇంట్లోనే పోయాడు. 57 ఏళ్ళు. దానికి ఆరు రోజుల ముందు, ఫిబ్రవరి 17న, కొసొవో స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. ఆయన దేశం దాన్ని గుర్తించింది మార్చి 5న. అప్పటికి ఆయన పోయి పదకొండు రోజులు.

టీ వచ్చినట్టుంది. మిగతా ప్రశ్నలు తాగుతూ అడగండి, వెనక వరసలో పెద్దాయన ఇందాకటి నుంచి చెయ్యెత్తే ఉన్నారు.